ఆగడం తెలిసిన చేతులు

2017లో గుంటూరు తులసి ఆస్పత్రిలో మెదడులోని కణితి తీస్తుంటే రోగి మెలకువగా ఉండి ‘బాహుబలి’ చూశారు. 2020 నవంబరులో అదే ఊళ్లో, బృందా న్యూరో సెంటర్‌లో మరో రోగి ‘బిగ్‌బాస్’, ‘అవతార్’ చూస్తూ ఆపరేషన్ చేయించుకున్నారు. 2022లో హైదరాబాద్ గాంధీ ఆస్పత్రిలో చిరంజీవి ‘అడవి దొంగ’, 2024లో కాకినాడ ప్రభుత్వ ఆస్పత్రిలో జూనియర్ ఎన్టీఆర్ ‘అదుర్స్’. ప్రతిసారీ పత్రికల్లో సినిమా పేరే ముందుకొచ్చింది. చదివినవాళ్లు ఆశ్చర్యపోయారు. ఆశ్చర్యపోవాల్సిన సంగతే. అయితే తెర మీద కన్నా పెద్ద వింత రోగి తల వెనక నిలబడ్డ సర్జన్ చేతిలో ఉంది. రోగి మాట ఒక్కటి తడబడితే చాలు, ఆ చెయ్యి అక్కడికక్కడ ఆగిపోతుంది. కణితి ఇంకా మిగిలి ఉన్నా సరే, ఆగిపోతుంది.

నరాల వైద్యంలో పనితనం గురించి ఎవరైనా అడిగితే నేను ముందుగా చెప్పేది ఈ ఆగడం గురించే. మిగతా అవయవాల దగ్గర సర్జన్‌కి కాస్త వెసులుబాటు ఉంటుంది. పేగు రెండంగుళాలు ఎక్కువ తీసినా మనిషి మామూలుగా బతుకుతాడు. కాలేయంలో కొంత తీసినా మళ్లీ పెరుగుతుంది. మెదడు దగ్గర ఆ వెసులుబాటు లేదు. మాట పలికించే చోటుకీ, నోరు కదిలించే చోటుకీ మధ్య వేలెడు దూరం కూడా ఉండదు. అందుకే ఈ విద్యలో ప్రతి అడుగు దగ్గరా ‘ముందుకెళ్లాలా, ఇక్కడితో ఆగాలా’ అన్న ప్రశ్న ఎదురవుతూనే ఉంటుంది. విజయవాడ చుట్టుపక్కల ఈ వైద్యం జరిగే తీరును దగ్గరికెళ్లి చూస్తే, మందు దగ్గరా కత్తి దగ్గరా అదే ప్రశ్న కనిపిస్తుంది.

కూడలి ఊరు

నరాల వైద్యానికి బెజవాడ ఎందుకు కేంద్రమైందో దారులే చెబుతాయి. చెన్నై–కోల్‌కతా 16వ నంబరు జాతీయ రహదారి, హైదరాబాద్ నుంచి బందరు వెళ్లే 65వ నంబరు రహదారి ఇక్కడే కలుస్తాయి. గుడివాడ, అవనిగడ్డ, నూజివీడు, తిరువూరు, కైకలూరు నుంచే కాకుండా ఖమ్మం వైపు నుంచి కూడా అంబులెన్సులు ఇటే వస్తాయి. సూర్యారావుపేట, గవర్నరుపేట వీధుల్లో ఆస్పత్రులు, స్కానింగ్ సెంటర్లు, మందుల దుకాణాలు పక్కపక్కనే ఉంటాయి. 1980లో మొదలైన సిద్ధార్థ వైద్య కళాశాలకు అనుబంధంగా ప్రభుత్వ సర్వజన ఆస్పత్రి ఉంది. కృష్ణ దాటితే తాడేపల్లిలో మణిపాల్, ఇంకాస్త ముందుకెళ్తే 2019 నుంచి ఓపీ చూస్తున్న మంగళగిరి ఎయిమ్స్, ఆపైన గుంటూరు ఆస్పత్రులు.

ఇదంతా రెండు మూడు తరాల్లో పోగైన బలం. మన దేశంలో నరాల శస్త్రచికిత్స విభాగం మొదట తెరిచింది 1949లో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో జాకబ్ చాందీ. మరుసటేడు మద్రాసు జనరల్ ఆస్పత్రిలో బి. రామమూర్తి మొదలుపెట్టారు. 1950ల్లోనే విశాఖ ఆంధ్ర వైద్య కళాశాలలో సుంకర బాలపరమేశ్వరరావు ఈ విభాగానికి పునాది వేశారు. అప్పట్లో కృష్ణా డెల్టాలో తల పగిలినవాడిని బతికించుకోవాలంటే రైలెక్కించి మద్రాసుకో విశాఖకో తీసుకెళ్లాలి. తలలో రక్తం గడ్డకట్టిన మనిషికి అంత వ్యవధి ఉండదు. ఆ ప్రయాణం తప్పించడానికే తర్వాతి తరాలవాళ్లు మద్రాసు, వెల్లూరు, విశాఖ, హైదరాబాద్‌లలో పని నేర్చుకుని వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. 2005లో వచ్చిన 108 అంబులెన్సు, 2007లో మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న ఆరోగ్యశ్రీ ఆ పనిని పేదవాడి ఇంటిదాకా తెచ్చాయి. కూలి మనిషి తలకు లక్షల ఖర్చయ్యే ఆపరేషన్ కార్డు మీద జరగడం చిన్న సంగతి కాదు.

సుత్తి, సూది, టార్చి

‘నరాల డాక్టరు’ గది బయట కూర్చున్నవాళ్ల చేతుల్లో పెద్ద ప్లాస్టిక్ కవర్లు ఉంటాయి. వాటిలో ఎమ్మారై ఫిల్ములు. లోపలికి అడుగు పెట్టగానే ఆ కవరు డాక్టరుగారి చేతికి ఇవ్వబోతారు. మంచి న్యూరాలజిస్టు దాన్ని బల్ల మీద పెట్టించి, ముందు మనిషిని నడిపిస్తారు. తలుపు నుంచి కుర్చీదాకా వేసే ఆ కాసిని అడుగుల్లోనే చాలా తెలుస్తుంది. ఒక చెయ్యి ఊగకుండా ఒంటికి అంటుకుపోయి అడుగులు చిన్నవైతే పార్కిన్సన్స్ అనుమానం. కాళ్లు ఎడంగా పెట్టి తూలుతూ వస్తే చిన్నమెదడు వైపు చూపు పోతుంది. ఒక కాలు పక్కకు తిప్పి అర్ధచంద్రాకారంలో వేస్తే పాత పక్షవాతం.

మూతి వంకరపోయిన పెద్దాయన వస్తారు. ఇంట్లోవాళ్లంతా పక్షవాతమని భయపడుతూ ఉంటారు. డాక్టరు అడిగేది ఒకటే: “తాతగారూ, ఒకసారి నుదురు ముడతలు పడేలా పైకి చూడండి.” నుదుటి కండరాలకు మెదడు రెండు సగాల నుంచీ ఆదేశాలు అందుతాయి. ముఖం కింది భాగానికి మాత్రం ప్రధానంగా అవతలి సగం నుంచే వస్తాయి. అందుకని మూతి వంకరపోయినా నుదుటి ముడతలు రెండు వైపులా సమంగా పడితే లోపం మెదడులో ఉన్నట్టు. ఆ ఇంటివాళ్ల భయం నిజం, వెంటనే పరుగెత్తాలి. ఆ పక్క ముడతలు కూడా పోయి కన్ను మూతపడకపోతే చాలాసార్లు దెబ్బతిన్నది ముఖానికొచ్చే నరం. త్వరగా మందులు మొదలుపెడితే చాలామందికి కొన్ని వారాలు, నెలల్లో నయమవుతుంది. ఒక్క ముడతతో ఇంత తేడా పట్టుకునే విద్య ఇది.

ఆ తర్వాత మోకాలి కింద రబ్బరు సుత్తి, పాదం అడుగున గీత, సెకనుకు 128సార్లు కంపించే ట్యూనింగ్ ఫోర్కు కాలి బొటనవేలి ఎముక మీద, కనుపాప మీద టార్చి వెలుగు. ఇవన్నీ కలిపి డాక్టరు మనసులో ఒక చోటు గుర్తుపెట్టుకుంటారు: లోపం మెదడులోనా, వెన్నుపాములోనా, నరంలోనా, నరం కండరాన్ని తాకే చోటనా, కండరంలోనా. ఆ చోటు తేల్చుకున్నాకే ఫిల్ము వెలుగులో పెట్టి చూస్తారు. 1971లో లండన్‌లో మొదటిసారి మనిషి తలను సీటీ స్కాన్ తీసేదాకా ప్రపంచమంతటా ప్రధాన ఆధారం ఈ పరీక్షలే. యంత్రాలు వచ్చాక కూడా వీటిని వదలని డాక్టరు మీద నాకు గౌరవం ఎక్కువ. నడుము ఎమ్మారైలో డిస్కు కాస్త ముందుకు జరిగి ఉన్నవాళ్లు మనలో బోలెడుమంది. అందరికీ ఆపరేషన్ అక్కర్లేదు. కాలి నొప్పి దారీ, తిమ్మిరి ఉన్న చోటూ, ఫిల్ములో కనిపించే నరమూ ఒకదానికొకటి సరిపోతేనే కత్తి మాట ఎత్తాలి. “దీనికి ఆపరేషన్ వద్దు, వ్యాయామం చేయండి చాలు” అని ధైర్యంగా చెప్పి పంపే న్యూరోసర్జన్‌ని నేను మొదటి వరసలో పెడతాను.

కట్లపాము నేర్పే పాఠం

డెల్టా నరాల వైద్యంలో పుస్తకాల కన్నా పొలాలు నేర్పే పాఠం ఒకటుంది. కృష్ణ సముద్రంలో కలిసే దివిసీమలో వానలు మొదలయ్యాక పాములు తిరుగుతాయి. 2018 వానాకాలంలో పాముకాట్లు పెరిగి అవనిగడ్డ ప్రాంతం రోజుల తరబడి వార్తల్లో నిలిచింది. నాగుపాము కరిస్తే నొప్పి, వాపు కనిపిస్తాయి. కట్లపాము అలా కాదు. రాత్రి నేల మీద పడుకున్నవాళ్లను కరుస్తుంది. నొప్పి పెద్దగా ఉండదు, వాపు ఉండదు, గాటు కంటికి ఆనకపోవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పితో లేస్తారు. కాసేపటికి కనురెప్పలు వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది, మింగుడు పడదు.

ఆ రెప్పలు చూసి ‘రాత్రి ఎక్కడ పడుకున్నావు?’ అని అడగాలని తోచడమే ఇక్కడ నేర్పు. కట్లపాము విషం నరం చివర, కండరానికి సంకేతం బయల్దేరే చోటునే పాడుచేస్తుంది. విరుగుడు మందు రక్తంలో తిరిగే విషాన్ని పట్టుకోగలదు, అప్పటికే పాడైన నరపు కొసను బాగుచేయలేదు. ఆ కొస మళ్లీ మొలవాలి. అందాకా ఊపిరి వెంటిలేటరే ఆడించాలి. అన్నాళ్లూ రోగి వేలు కదపలేడు, కన్ను తెరవలేడు. కొందరిలో కనుపాపలు పెద్దవై టార్చి వేసినా కదలవు. పైకి చూస్తే మెదడు చచ్చిపోయిన మనిషికీ అతనికీ తేడా తెలియదు. లోపల మాత్రం అతను మేలుకునే ఉండొచ్చు, మంచం పక్క మాటలన్నీ వింటూ ఉండొచ్చు. అలాంటప్పుడు ‘ఇంక లాభం లేదు’ అనకుండా ఆగడం, కుటుంబాన్ని ఆపడం, పూటపూటకీ గొంతులో కఫం తీస్తూ, ఒరుసుకుపోకుండా పక్కలు మారుస్తూ కనిపెట్టుకుని ఉండడం వైద్యంలో గొప్ప పని. రోజులు గడిచాక ఆ మనిషి లేచి నడిచి ఇంటికి వెళ్తాడు. ఈ విజయం ఐసీయూ నర్సులది.

గడియారంతో పని

మెదడుకు రక్తం తెచ్చే పెద్ద నాళం మూసుకుపోతే నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు చనిపోతాయని లెక్క. అందుకే పక్షవాతం రోగి క్యాజువాలిటీలోకి రాగానే మొదటి ప్రశ్న పేరు గురించో ఊరి గురించో కాదు. “అమ్మా, ఆయన్ని ఆఖరిసారి మామూలుగా ఉండగా ఎన్నింటికి చూశారు?” లక్షణం కనిపించిన సమయం వేరు, ఆఖరిసారి బాగున్న సమయం వేరు. తెల్లారి లేచేసరికే చెయ్యి పడిపోయిందంటే గడియారం రాత్రి పడుకున్నప్పటి నుంచే నడిచినట్టు లెక్క. అలా వచ్చినవాళ్లలో ఇంకా కాపాడుకోగల మెదడు ఉందేమో ఎమ్మారై చూసి తేల్చుకుంటారు.

సీటీ తీసి రక్తస్రావం లేదని తేలాక, నాలుగున్నర గంటలు దాటకపోతే గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇవ్వొచ్చు. ఆల్టెప్లేజ్ మోతాదు కిలో బరువుకు 0.9 మిల్లీగ్రాములు, మొత్తం 90 మించకూడదు. 60 కిలోల మనిషికి 54 మిల్లీగ్రాములు. అందులో పదో వంతు, అంటే 5.4, ఒక నిమిషంలో. మిగిలిన 48.6 గంటసేపు, పంపు మీద, బొట్టుబొట్టుగా. ఇప్పుడు టెనెక్టెప్లేజ్ వచ్చాక కిలోకు 0.25 మిల్లీగ్రాముల చొప్పున ఒకేసారి ఇచ్చేస్తున్నారు. ఏ మందైనా ఇచ్చే ముందు బీపీ 185/110 కిందికి రావాలి, లేకపోతే మెదడులో రక్తం చిమ్మే ప్రమాదం. ఇక ఇంజెక్షన్ వేళ దాటిపోయిన రోగి బీపీ 200 ఉన్నా, వేరే ప్రమాదం లేకపోతే సాధారణంగా దాన్ని ముట్టుకోరు. 220/120 దాటితేనే దించడం గురించి ఆలోచిస్తారు. ఆ ఒత్తిడే మూసుకుపోయిన నాళం చుట్టూ పక్కదారుల్లోంచి మెదడుకు కాస్త రక్తం తోస్తోంది. చూసే బంధువులకు ‘అంత బీపీ ఉంటే మాత్ర ఇవ్వరేంటి’ అనిపిస్తుంది. ఇవ్వకపోవడమే అక్కడ వైద్యం.

పెద్ద నాళమే మూసుకుపోతే ఇంజెక్షన్ ఒక్కటే చాలదు. గజ్జల్లోని ధమని నుంచి సన్నని గొట్టం పంపి, గుండె పైనున్న మహాధమని వంపు తిప్పి, మెడ దాటించి, మెదడులోని నాళందాకా తీసుకెళ్తారు. అక్కడ జాలీ అల్లిక స్టెంటు గడ్డలోకి విచ్చుకుని దాన్ని పట్టుకుని బయటకు వస్తుంది. మామూలుగా ఆరు గంటల్లోపు, స్కానింగులో ఇంకా కాపాడుకోగల మెదడు కనిపించే కొందరిలో 24 గంటలదాకా ఇది చేయొచ్చు. ఈ గొట్టం తోసే డాక్టరు కళ్లు ఎక్స్‌రే తెర మీద ఉంటాయి, వేళ్లు తీగ బిగువును వింటూ ఉంటాయి. కాస్త ఎదురు తిరిగినట్టనిపిస్తే తోయరు. వెనక్కి తీసి, తిప్పి, మళ్లీ వస్తారు.

ఎముక కింద రక్తం

విజయవాడ బెంజ్ సర్కిల్ మీదుగా వెళ్లే రెండు రహదారుల్లో ఎక్కడో ఒకచోట బైకు పడుతుంది. కుర్రాడు స్పృహ తప్పుతాడు, కాసేపటికి లేచి కూర్చుంటాడు, “ఏం కాలేదు బాబాయ్, బానే ఉన్నా” అని మంచినీళ్లు తాగుతాడు. అందరూ ఊపిరి పీల్చుకుంటారు. గంటా రెండు గంటల్లో తలనొప్పి, వాంతి, మగత. ఒక కనుపాప పెద్దదవుతుంది. మధ్యలో తెలివి వచ్చిన ఈ సమయమే నమ్మించి ముంచుతుంది. చెవికి పైన కణత ఎముక పుర్రెలోకెల్లా పలచన. అది చిట్లితే లోపలి వైపు గాడిలో ఆనుకుని నడిచే ధమని తెగి, ఎముకకూ, మెదడును కప్పి ఉండే డ్యూరా పొరకూ మధ్య రక్తం నిండుతుంది. పుర్రె సాగదు కాబట్టి మెదడు నలుగుతుంది.

ఆపరేషన్ పద్ధతి చూడండి. తల గీయించి, చెవి ముందు నుంచి పైకెళ్లి వెనక్కి వంగేలా ప్రశ్నార్థకం గుర్తులో గీత గీస్తారు. ఆ వంపు ఊరికే వచ్చింది కాదు. కింది నుంచి తల చర్మానికి రక్తం తెచ్చే నాళాలు ఆ ముక్కలోనే మిగలాలి, రేపు గాయం మానాలి. చర్మం అంచుకు క్లిప్పులు పెట్టి రక్తం ఆపుతారు. కణత కండరాన్ని ఎముక నుంచి లేపుతారు. డ్రిల్లుతో ఒకటో రెండో రంధ్రాలు. ఎముక లోపలి పొర తెగగానే దానంతట అదే ఆగిపోయే డ్రిల్లు మొనలున్నాయి. అవి లేనప్పుడు పాత పద్ధతిలో చేత్తో తిప్పే బ్రేసుతోనే చేసేవారు. పెచ్చు పలచబడుతున్న సంగతి అరచేతికి తెలియాలి. రంధ్రం నుంచి రంధ్రానికి ఎముకను కోసే కట్టరుకు కింద చిన్న పాదం ఉంటుంది. అది డ్యూరాను పక్కకు నెడుతూ కాపాడుతుంది. దానికి ముందు తరం సర్జన్లు జిగ్లీ తీగరంపం వాడారు, చాలా ఊళ్లలో ఇప్పటికీ వాడతారు.

ఎముక పలక ఎత్తగానే ముదురెరుపు రక్తం గడ్డ పైకి ఉబుకుతుంది. దాన్ని సెలైనుతో కడుగుతూ, సక్షన్‌తో తీస్తారు. తెగిన ధమనిని బైపోలార్ చిమటాతో మూసేస్తారు. ఈ చిమటాలో కరెంటు రెండు మొనల మధ్యే ప్రవహిస్తుంది, చుట్టూ పాకదు. మొనలు అంటుకోకుండా పైన సెలైను చుక్కలు పడుతుంటాయి. ఎముక అంచుల్లో కారే రక్తానికి మైనం అద్దుతారు. ఆ తర్వాత చేసే పని నాకెంతో ఇష్టం. డ్యూరాను చుట్టూ పట్టి ఎముక అంచుకు చిన్న కుట్లతో పైకి కట్టేస్తారు. రక్తం మళ్లీ చేరడానికి చోటు లేకుండా చేయడమన్నమాట. ఈ కుట్లు సీటీ ఫిల్ములో కనిపించవు, రోగికి తెలియవు. అవి సరిగ్గా పడకపోతే ఆ రాత్రే మళ్లీ థియేటరు తెరవాల్సి రావచ్చు.

ఎప్పుడు తెరవాలన్నదానికీ కొలతలున్నాయి. గడ్డ 30 మిల్లీలీటర్లు దాటితే రోగి తెలివిగా మాట్లాడుతున్నా తీసేయాలి. అంతకన్నా తక్కువై, మందం 15 మిల్లీమీటర్లలోపు ఉండి, మెదడు నడిరేఖ 5 మిల్లీమీటర్లలోపే జరిగి, రోగి స్పృహ బాగుంటే ఆపరేషన్ లేకుండా కనిపెట్టి చూడొచ్చు. కనిపెట్టడమంటే ఊరికే ఉండడమనుకోవద్దు. గ్లాస్గోలో 1974లో టీస్‌డేల్, జెనెట్ తయారుచేసిన కొలబద్ద ప్రకారం కళ్లు, మాట, కదలిక చూసి 3 నుంచి 15 మధ్య అంకె వేస్తారు. గంటగంటకీ ఆ అంకె, కనుపాపల సైజు చార్టులో పడాలి. రాత్రి రెండింటికి కూడా సిస్టర్ వచ్చి, నిద్రపోతున్న కుర్రాణ్ని లేపి, “నీ పేరేంటి నాన్నా, ఇది ఏ ఊరు?” అని అడుగుతుంది. నిద్ర పాడుచేస్తోందని బంధువులు విసుక్కుంటారు. ఆ నిద్ర మామూలు నిద్రో కాదో తేల్చేది ఆ ప్రశ్నే.

మెదడే విపరీతంగా వాచిపోతే ఎముక పలకను తిరిగి పెట్టరు. వాపుకు చోటిచ్చి చర్మం కుట్టేస్తారు. ఆ పలకను చాలాచోట్ల రోగి పొట్ట చర్మం కిందే దాచి, వాపు తగ్గాక వారాలకో నెలలకో తీసి తలకు అమరుస్తారు. తన ఎముక తన ఒంట్లోనే ఉంటుంది, ఫ్రీజరు అక్కర్లేదు, ఖర్చు లేదు. ఉన్నదాంతో చక్కగా నెట్టుకొచ్చే ఇలాంటి ఉపాయాలు మన ఆస్పత్రుల్లో నాకు ఎంతో అందంగా కనిపిస్తాయి.

మాట దొరికే చోటు

ఇక మెలకువ ఆపరేషన్. కెనడాలోని మాంట్రియల్‌లో వైల్డర్ పెన్‌ఫీల్డ్ మూర్ఛ రోగుల మెదడు మీద మెలకువలోనే కరెంటు తాకించి ఏ చోటు ఏం చేస్తుందో గుర్తించారు. వెల్లూరు జాకబ్ చాందీ ఆ మాంట్రియల్‌లోనే శిక్షణ పొందారు. గుంటూరు, కాకినాడ థియేటర్లలో ఈరోజు జరిగేది ఆ పరంపరకు కొనసాగింపు.

మెదడుకు నొప్పి తెలియదు. నొప్పి చర్మానికీ డ్యూరాకీ ఉంటుంది. అందుకని మత్తు డాక్టరు తలకు రెండు పక్కలా వచ్చే నరాల దగ్గర, కనుబొమ్మ పైన, కణత దగ్గర, చెవి ముందు, తల వెనక, మొద్దుబార్చే మందు ఎక్కిస్తారు. పుర్రె తెరిచేదాకా రోగి నిద్రలో ఉంటారు. తెరిచాక మెల్లిగా లేపుతారు. ఈ ఆపరేషన్‌లో సగం విద్య ఇక్కడే ఉంది. గొంతులో గొట్టం లేకుండా, దగ్గు రాకుండా, భయపడకుండా, తల మేకుల చట్రంలో బిగించి ఉన్న మనిషి ప్రశాంతంగా కళ్లు తెరవాలి. ముందురోజే డాక్టరు వచ్చి, ‘రేపు ఇలా లేపుతాం, ఇలా అడుగుతాం, చల్లగా ఉంటుంది, డ్రిల్లు శబ్దం వినిపించవచ్చు’ అని కూర్చుని చెప్పి ఉంటేనే అది సాధ్యం.

అప్పుడు సర్జన్ రెండు మొనల కడ్డీతో మెదడు పైపొరను కొన్ని సెకన్లు తాకుతారు. కరెంటు కొద్ది మిల్లీ ఆంపియర్లే. ఎదురుగా కూర్చున్నవాళ్లు బొమ్మలు చూపిస్తుంటారు. “ఇదేంటమ్మా?” “గొడ్డలి.” “ఇది?” “చేట.” “ఇది?” నిశ్శబ్దం. బొమ్మ తెలుసు, పేరు రావడం లేదు. కడ్డీ తీయగానే “తాళంచెవి” అంటుంది. ఆ చోట అంకె వేసిన చిన్న కాగితం ముక్క పెడతారు. ఆ చోటు చుట్టూ ఒక సెంటీమీటరు దూరం వదలాలన్నది అనుభవంలో తేలిన నియమం. మధ్యలో ఫిట్స్ వస్తే చల్లటి సెలైను మెదడు మీద పోస్తారు, చాలాసార్లు వెంటనే ఆగిపోతుంది. సినిమా ఈ అంచెల మధ్య రోగిని మేల్కొల్పి ఉంచుతుంది, భయం మరిపిస్తుంది, మాటాడించడానికి సందు ఇస్తుంది.

ఇందులో మన భాషకు పెద్ద పాత్ర ఉంది. బొమ్మలు రోగి బతుకులోవై ఉండాలి, అడిగేది రోగి మాటలో అడగాలి. రెండు భాషల మనిషైతే రెండింట్లోనూ అడగాలి. ఒక భాష పలికే చోటు ఇంకో భాషకు అక్కర్లేకపోవచ్చని 1970ల్లోనే గుర్తించారు. హైదరాబాద్ నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 648 మంది మతిమరుపు జబ్బు రోగులను పరిశీలించి, రెండు భాషలు మాట్లాడేవారికి ఆ జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైనట్టు 2013లో ప్రచురించింది. చదువురానివారిలో కూడా ఆ తేడా కనిపించింది. మాట మెదడును ఎంతగా మలుస్తుందో తెలిపే ఆ పరిశోధన మన నేల మీద జరగడం గర్వించదగ్గ విషయం.

ఇక కణితి సంగతి. గ్లయోమా అనే రకం కణితికి అంచు ఉండదు. సముద్రం దగ్గరి పొలాల్లో చౌడు ఎక్కడ ఆగి మంచి నేల ఎక్కడ మొదలైందో గట్టు వేసి చూపలేనట్టే, ఇది మంచి మెదడులోకి కలిసిపోయి ఉంటుంది. నావిగేషన్ యంత్రం ఎమ్మారై బొమ్మ మీద చోటు చూపిస్తుంది. మైక్రోస్కోపు రంగు తేడా పెద్దది చేసి చూపిస్తుంది. ఇంకాస్త తీస్తే ఆయుష్షు పెరగొచ్చు, ఇంకాస్త తీస్తే మాట పోవచ్చు. కణితిలో కొంత మిగిల్చి బయటికొచ్చిన సర్జన్ కుటుంబానికి ఆ మాటే సూటిగా చెప్పాలి. ‘పూర్తిగా తీయలేదా?’ అన్న ప్రశ్నకు, ‘మిగిలినదానికి రేడియేషన్ ఉంది, మందులున్నాయి. పోయిన మాటకు మందు లేదు’ అని జవాబు చెప్పగలగడానికి చేతి నేర్పుతోపాటు గుండె నిబ్బరం కావాలి.

థియేటరులో మిగతావాళ్లు

మెదడు మీద తడి అద్దడానికి వాడే తెల్లటి చిన్న పట్టీలు ఒక్కోటి గోరంత ఉంటాయి. ప్రతి పట్టీకి ఒక దారం తోక, లోపల ఎక్స్‌రేలో కనిపించే గీత. మొదట్లో ఎన్ని ఇచ్చారో బోర్డు మీద రాస్తారు. మూసే ముందు స్క్రబ్ సిస్టర్ లెక్కపెట్టి అన్నీ వచ్చాయంటేనే డ్యూరా కుట్టు మొదలవుతుంది. సర్జన్ ఎంత పెద్దవారైనా సరే, సిస్టర్ “ఒకటి తక్కువుంది సార్” అంటే చెయ్యి ఆగాలి. మంచి థియేటరును పోల్చుకోవడానికి ఇదొక గుర్తు.

ఆ తర్వాత ఫిజియోథెరపిస్టు వంతు. పడిపోయిన చేతిని రోజూ కదుపుతూ, కీళ్లు బిగుసుకుపోకుండా చూస్తూ, మిగిలిన మెదడుకు కొత్త దారులు నేర్పే పని. ఇంటికెళ్లాక ఆ పని భార్యదో కొడుకుదో కోడలిదో అవుతుంది. మింగుడు సరిగా లేని మనిషికి కూర్చోబెట్టి, గడ్డం కాస్త వంచి, చిక్కగా కలిపిన గంజి చెంచాచెంచాగా తాగించడం కూడా ఈ వైద్యంలో భాగమే.

ఇంత నైపుణ్యం ఊళ్లోనే ఉన్నప్పుడు దాన్ని నిరర్థకం చేయకుండా చూసుకోవాల్సింది మనం. మూతి వంకర, చెయ్యి బలహీనం, మాట ముద్ద, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా టైము చూసి కాగితం మీద రాసుకోండి. నోట్లో నీళ్లు పోయొద్దు, మాత్ర వేయొద్దు, పసరు వైద్యానికి పరుగెత్తొద్దు. సీటీ ఉండి, గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇచ్చే ఆస్పత్రికే నేరుగా వెళ్లండి. ఫిట్స్ వచ్చినవారి చేతిలో తాళంచెవులు కుక్కకుండా, పక్కకు తిప్పి పడుకోబెట్టండి. ఐదు నిమిషాలు దాటినా ఆగకపోతే 108కి ఫోన్ చేయండి. పాము కరిచిన చోట కట్టు బిగించొద్దు, కోయొద్దు. తల తగిలాక లేచి మాట్లాడిన కుర్రాణ్ని ఇంటికి పంపకుండా స్కానింగుకు తీసుకెళ్లండి. బండి తీసే ముందు హెల్మెట్ పెట్టుకోండి. ఆ చేతులు మిల్లీమీటర్లు లెక్కపెట్టి మెదడును కాపాడుతున్నాయి. మనం నిమిషాలు లెక్కపెట్టి వాళ్లకు అప్పగిస్తేనే ఆ పనితనం ఫలిస్తుంది.